బిందెమ్మ కళ్ళు

నంద్యాలలో ఆటో ఎక్కి బిందెమ్మ సెంటర్‌కి పోవాలంటే, ఆటో అతను ఇప్పుడు "గుడి కాడనా?" అని అడుగుతాడు. గుడి కాదయ్యా, ఫౌంటెన్ అని చెబితే మనల్ని ఊరికి కొత్తనుకుంటాడు. పోయిన ఏడాది వరకూ అక్కడ గుడి లేదు. నల్లరాతి ఆడమనిషి ఒకతె బిందె నడుమున పెట్టుకుని, దాన్ని కాస్త వంచి నిలబడి ఉండేది. బిందెలో నీళ్లు కింద తొట్టిలో పడేవి. తొట్టి చుట్టూ ఇత్తడి పంపులు. దాహమైనవాళ్లు పంపు తిప్పుకుని, వంగి తాగి, మూతి తుడుచుకుని పోయేవారు. అదొక గొప్ప సంగతని ఎవరూ అనుకోలేదు. రోజూ దొరికేదాన్ని గొప్పదనుకునే అలవాటు మన ఊళ్లకు ఎప్పుడుంది గనక?

దాన్ని కట్టించింది మహానందయ్య శెట్టి. తొంభై ఏళ్ల నాటి మాట. ఆ సెంటర్లోనే ఆయనకు బుడ్డల మండీ ఉండేది. వేరుశెనక్కాయల్ని అక్కడ బుడ్డలనే అంటారు. ఎండాకాలం వస్తే మండీ ముందు పందిరి వేసి చలివేంద్రం పెట్టేవాడు. పెట్టడం తేలికే, పోసే మనిషితోనే తంటా. ఎవర్ని పెట్టినా కొందరికి చెంబు చేతికిచ్చేవాడు, కొందరికి ఎత్తి పోసేవాడు. ఎత్తి పోయడమంటే తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను. తాగే మనిషి దూరంగా వంగి, దోసిలి నోటికి ఆనించుకుని నిలబడాలి. పోసేవాడు చెంబు ఎక్కడా తగలకుండా పైనుంచి ధార వదులుతాడు. ముక్కులోకి పోయినా, రొమ్ము మీద కారినా అలాగే తాగాలి. ఒక వేసవిలో బస్తాలు మోసే హమాలీలు ఎదురు తిరిగారు. ఎత్తి పోస్తే తాగం, తాగకుంటే మొయ్యలేం అన్నారు. మండీ ఆగిపోయింది. శెట్టి పోసే మనిషిని మార్చాడు, మళ్లీ మార్చాడు. వచ్చిన ప్రతివాడూ అదే తీరు. చివరికి ఆయనకు విసుగొచ్చి, "రాతి మనిషిని నిలబెడతా. దానికి మీ కులమూ తెలీదు, నా కులమూ తెలీదు" అని ఆళ్లగడ్డ నుంచి శిల్పుల్ని పిలిపించాడు. పుణ్యానికి చేశాడో, వ్యాపారం ఆగకుండా ఉండటానికి చేశాడో ఇప్పుడు తవ్వి తీసేదేముంది? మంచి పనే చేశాడు.

మండీ పోయి ఆ చోట స్టీలు సామాన్ల అంగడి వచ్చింది. దాన్ని ఆయన మునిమనవడు సురేష్ నడుపుతున్నాడు. సురేష్ భార్య సుకన్య డోన్ పిల్ల. చరిత్రలో ఎం.ఏ. చదివింది. ఆ చదువుతో ఏం చెయ్యాలో అత్తింట్లో ఎవరికీ తోచక, మధ్యాహ్నం పూట గల్లా పెట్టె దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ కూర్చుంటే ఎదురుగా కనిపించేది బిందెమ్మే. చూసీ చూసీ ఆ రాతి మనిషి మీద ఆమెకు ఇంట్లో మనిషి మీద ఉన్నంత మమకారం పెరిగింది. ఒకరోజు ఎవరో వచ్చి తొట్టి అంచు మీద ఎర్ర రంగుతో గీత కొట్టి పోయారు. రోడ్డు వెడల్పు చేస్తారట, గీతకు ఇవతలున్నదంతా పోతుందట. బిందెమ్మ మొత్తం ఇవతలే ఉంది.

సుకన్య ఊరుకోలేదు. ఆ ఫౌంటెన్ కథ తెలిసిన ముసలివాళ్ల కోసం తిరిగింది. చాలామంది నవాబుల కాలం నాటిదన్నారు, తెల్లదొర కట్టించాడని ఒకాయన ఒట్టేసి మరీ చెప్పాడు. అసలు సంగతి తొట్టి పక్కన గంప పెట్టుకుని ఉడకబెట్టిన బుడ్డలు అమ్మే మేరీ దగ్గర దొరికింది. మేరీకి డెబ్బై దాటాయి. పొట్టి మనిషి, మాట మాత్రం సూటి.

"మా జేజి మీ మండీలోనే బుడ్డలు వొలిచేది శెట్టెమ్మా," అంది మేరీ. జేజి అంటే నాయనమ్మ. "పుట్టినకాడి నుంచి ఎవురో ఒకరు ఎత్తి పోస్తేనే తాగింది. ఈ బిందెమ్మ వచ్చినాంక తొలీత తన చేత్తో పంపు తిప్పుకోని తాగిందంట. తాగి తాగి, కడుపు పట్టక కక్కిందంట. కక్కి, మూతి కడుక్కోని, మళ్లా తాగిందంట." ఆ మాట చెప్పి మేరీ పగలబడి నవ్వింది. సుకన్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనుండంగా ఈ నీళ్లు యాడికీ పోవవ్వా," అంది.

"పోతే నేనేం జేస్తా? ఇంటికాడ నుంచి క్యాను తెచ్చుకుంటా," అంది మేరీ. గంపలో బుడ్డలు సర్దుకుంటూ, "ఉంటే బాగుంటాదిలే" అంది.

రోడ్డు పని చూసే ఇంజినీరు ప్రసన్నకుమారి చెడ్డ మనిషేం కాదు. సుకన్య చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. కానీ రెండేళ్ల కిందట ఏదో ఊరేగింపు బండికి కట్టిన ఇనప కమ్మీ తగిలి బిందెమ్మ ముక్కూ, ఒక చెంపా ఊడిపోయి ఉన్నాయి. మెడ దాకా పాచి పట్టి ఉంది. "ఈ మొహం చూపించి ఇది కాపాడాల్సిన కట్టడం అంటే పైవాళ్లు నవ్వుతారమ్మా. ముందు బాగు చేయించుకోండి. చూడ్డానికి పద్ధతిగా ఉంటే నేను మాట్లాడతాను" అంది ఆమె. మాట న్యాయంగానే ఉంది. సుకన్య ఇంట్లో అందర్నీ ఒప్పించి, బిందెమ్మను దిమ్మె మీద నుంచి జాగ్రత్తగా ఊడదీయించి, గడ్డి పరిచిన ట్రాలీలో ఆళ్లగడ్డకు పంపింది.

ఆళ్లగడ్డ శిల్పి మాధవయ్య షెడ్డులో మనిషి మాట మనిషికి వినపడదు. రాయి కోసే మిషన్ల రొద ఒకపక్క, ఉలి దెబ్బలు ఒకపక్క. తెల్లటి దుమ్ములో వినాయకులూ, ఆంజనేయులూ, పోయిన నాయకులూ వరసగా నిలబడి ఉంటారు. మాధవయ్య బిందెమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, "మంచి చెయ్యి. తొందరపడని చెయ్యి" అన్నాడు. పగిలిన చెంపకు అతుకు వేస్తే నిలవదని, మొహమంతా ఒక పొర లోపలికి చెక్కితే ముక్కు తిరిగి వస్తుందని చెప్పాడు. చెప్పినట్టే చేశాడు. కళ్ల దగ్గర మాత్రం రాయి నున్నగా వదిలేసి, పని అయిపోయింది వచ్చి తీసుకుపొమ్మని కబురు పెట్టాడు.

అసలు తప్పు ఇక్కడ జరిగింది. అది తప్పని ఆ రోజు ఎవరికీ తెలియదు.

సుకన్య అత్త ఉమామహేశ్వరమ్మ ఇంటి నుంచి శిల్పి షెడ్డుకు ఉత్త చేతులతో పోవడమనేది లేదు. ఆ ఇంటివాళ్లు ఏ గుడికో విగ్రహం ఇవ్వడానికి తప్ప ఆళ్లగడ్డ షెడ్డు గడప ఎన్నడూ తొక్కలేదు. అందుకని సుకన్యా, సురేష్ బయలుదేరుతుంటే ఆమె చేతులు వాటంతటవే పళ్లెం సర్దేశాయి. పసుపు, కుంకుమ, తమలపాకులు, రవికగుడ్డ, కొబ్బరికాయ, వాటి మీద ఒక చిన్న అద్దం. అద్దం ఎందుకని సుకన్య అడగలేదు. అత్త సర్దిన పళ్లెంలో ఏముంది, ఎందుకుంది అని అడిగే కోడలు ఆ వీధిలో ఇంకా పుట్టలేదు.

మాధవయ్య పళ్లెం చూశాడు. అద్దం చూసి ఆగాడు.

"అద్దం గూడ తెచ్చినారా?" అన్నాడు. ఒక నిమిషం బిందెమ్మ వైపు చూసి, "అయితే కండ్లు తెరిపిచ్చమంటారామ్మా?" అని అడిగాడు.

సుకన్య కూడా బిందెమ్మ వైపు చూసింది. కళ్లు రెండూ నున్నటి గుడ్లలా ఉన్నాయి. పాత మొహంలోనూ అలాగే ఉండేవని ఆమెకు గుర్తే, కానీ ఇన్నేళ్ల ఎండకూ వానకూ అరిగిపోయాయని అనుకుంది. పని సగంలో ఆపి అడుగుతున్నాడనుకుంది.

"తెరిపించన్నా. దానికి అడగాల్నా?" అంది.

మాధవయ్య మిషన్లు ఆపించాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చాడు. పనివాళ్లను బయటికి పంపి, అద్దం సుకన్య చేతికిచ్చి, బిందెమ్మకు ఎదురుగా పట్టుకుని పక్కకు జరగమన్నాడు. "తొలి చూపు మనిషి మీద పడగూడదు తల్లీ. తన్ను తానే చూసుకోవాల" అన్నాడు. చిన్న ఉలితో, ఊపిరి బిగబట్టి, రెండు కళ్లలోనూ గుడ్డు మధ్య నల్లపాప దిద్దాడు. అద్దంలో చటుక్కున ఒక మనిషి లేచి చూసినట్టయింది. సురేష్ అదంతా ఫోన్‌లో వీడియో తీసి అక్కడికక్కడే ఇంటి గ్రూపులో పెట్టేశాడు.

ట్రాలీ నింపాదిగా శిరివెళ్ల దాటి వస్తుంటే, వీడియో దానికంటే ముందే ఊరు చేరి, ఊరంతా తిరిగింది. వీళ్లు సెంటర్‌కి వచ్చేసరికి మామిడాకుల తోరణాలు కట్టి ఉన్నాయి. మేళం ఒకటి. ఉమామహేశ్వరమ్మ పట్టుచీరలో హారతి పళ్లెం పట్టుకుని ముందు నిలబడి ఉంది. ఆమె వెనక ఆ వీధి ఆడవాళ్లంతా కొబ్బరికాయలతో ఉన్నారు.

"అత్తా, ఏందిదంతా?" అంది సుకన్య ట్రాలీ దిగుతూ.

"కండ్లు తెరిపిచ్చుకోని వచ్చి ఏందంటావేందే!" అంది ఉమామహేశ్వరమ్మ. ఆమె కళ్ల వెంబడి నీళ్లు ధారగా కారుతున్నాయి. నటన కాదు, ఆమెకు నటన రాదు. "మా మామగారి నాయన నిలబెట్టిన తల్లి ఇన్నాళ్లకు మమ్మల్ని జూసింది."

గుడిలో నిలిపే విగ్రహానికే కళ్లు తెరిపిస్తారన్న సంగతి సుకన్యకు ఎక్కడో విన్నట్టుగా అప్పుడు గుర్తొచ్చింది. తెరిపించాక అది బొమ్మ కాదు. ఇప్పుడు గుర్తొచ్చి ఏం లాభం? తొట్టి దగ్గర గంప పక్కకు జరుపుకుంటూ మేరీ కనిపించింది. జనం తోపులాటలో ఎవరో ఆమె గంపను తన్నారు. బుడ్డలు రోడ్డు మీద చెల్లాచెదరైతే, ఒక్కొక్కటే ఏరుకుంటోంది.

ఆ తర్వాత జరిగినవాటిలో ఏ ఒక్కటీ చెడ్డ బుద్ధితో జరిగింది కాదు. అదే సుకన్యను ఎక్కువ బాధపెట్టింది. ముందు చీర కట్టారు. చీర తడుస్తోందని బిందె నీళ్లు ఆపారు. తొట్టి మీద దీపాలు పెట్టారు. దీపాల పక్కన జనం పుక్కిలించి ఉమ్మడం అపచారమని పంపులు పీకేశారు. రాత్రిపూట కుక్కలు ఎక్కుతున్నాయని చుట్టూ ఇనప కమ్మీల గ్రిల్ వేశారు. గ్రిల్ ఉన్నాక తాళం ఉండాలి గదా, తాళం వేశారు. పూజారి ఒకాయన కుదిరాడు. పైపుతో నింపుతున్న తొట్టి నీళ్లు తీర్థమయ్యాయి. మామగారు ఆదినారాయణ గ్రిల్‌కి వెండిరంగు వేయించాడు. సురేష్ అంగడి ముందు వరుసలో గిన్నెలు తీసేసి ఇత్తడి దీపాలూ, గంటలూ పెట్టాడు. దాహమైనవాళ్ల సంగతి ఎవరూ మరిచిపోలేదు. ఉమామహేశ్వరమ్మే ఆ సేవ చేస్తానని ముందుకొచ్చింది. పొద్దున పూజ అయ్యాక గ్రిల్ లోపల స్టూలు వేసుకుని కూర్చుని, కమ్మీల సందులోంచి చెంబుతో ఎత్తి పోసేది.

"అందరికీ ఒకే తీరుగా పోస్తాండా గదా. ఎవురికన్నా తక్కువ జేసినానా?" అంది, కోడలు అడిగినప్పుడు.

నిజమే, తక్కువ చెయ్యలేదు. ఆమెకు దణ్ణం పెట్టి, దోసిలి పట్టి, కళ్లకద్దుకుని తాగిపోతున్నారు జనం. మేరీ మాత్రం ఆ వరుసలో నిలబడలేదు. ఇంటి నుంచి క్యాను తెచ్చుకుంటోంది. గుడి వచ్చాక ఆమె గంప మధ్యాహ్నానికే ఖాళీ అవుతోంది. సుకన్య గల్లా దగ్గర కూర్చున్నప్పుడు ఇద్దరి చూపులూ కలిస్తే, మేరీ పలకరింపుగా తలాడించేది. దెప్పినా, తిట్టినా బాగుండేది. ఆ తలాడింపు సుకన్యను తినేసింది.

"ఊరందరికీ నచ్చింది నీ ఒక్కదానికే నచ్చలేదు. ఏందీ నీ బాధ?" అన్నాడు సురేష్ ఒకరోజు అన్నం తింటూ.

"దాన్ని కట్టిచ్చిందే ఎత్తి పొయ్యకుండా ఉండేదానికి. మీ ముత్తాత కట్టిచ్చింది."

"ఇప్పుడెవురు జూస్తాండారు కులం? మా అమ్మ జూస్తాందా?"

"చూడటంల్యా. అయినా పైనుంచే పోస్తాంది."

సురేష్‌కి అర్థం కాలేదు. మజ్జిగ వెయ్యమన్నాడు.

ఆమె ప్రసన్నకుమారి దగ్గరికి పోయింది. ఇంజినీరు ఆమెను చూడగానే నవ్వుమొహంతో కుర్చీ చూపించింది.

"మీరు కోరిందే అయింది గదమ్మా. గుడి అని తేలింది, రోడ్డు అటువైపు జరిపాం. ఇంక దాని జోలికి ఎవరూ రారు. నాకూ తలనొప్పి తప్పింది."

"మేడం, అది గుడి కాదు. పొరపాటున అయింది."

ప్రసన్నకుమారి నవ్వు ఆగిపోయింది. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ మాట బయట అనకండి. గుడి కాదంటే మళ్లీ ఎర్ర గీత పడుతుంది. ఆ దారిలో ఫౌంటెన్‌కి చోటు లేదు, గుడికే ఉంది. మీకు ఏది కావాలో మీరే చెప్పండి."

సుకన్య లేచి వచ్చేసింది. దేవత అయితే బతుకుతుంది, నీళ్లివ్వదు. నీళ్లిచ్చేదైతే బతకదు. ఇంటికి పోకుండా బస్టాండుకి నడిచింది. అలాగే ఆళ్లగడ్డ బస్సెక్కింది.

మాధవయ్య ఆమెను చూడగానే మిషన్ ఆపాడు. ఆయనకు సంగతంతా తెలుసు. నంద్యాల నుంచి జనం వచ్చి, అలాంటి చెయ్యే కావాలని విగ్రహాలకు పురమాయించి పోతున్నారట.

"నేనే మోసపోయినా తల్లీ," అన్నాడు దుమ్ము తుడుచుకుంటూ. "ఆ పాత చెయ్యి కావాలనే కండ్లు వదిలిపెట్టింది. నాకి తెలుసు. తెలిసే నేనూ వదిలిపెట్టినా. పళ్లెంలో అద్దం జూసి, మీరు దేవతగా నిలబెట్టుకుంటారేమో అనుకున్నా. ఇంగోసారి అడగాల్సింది."

"ఇప్పుడు తీసెయ్యన్నా. రెండు దెబ్బలే గదా."

"రెండు దెబ్బలే. కొట్టే చెయ్యి యాడుంది?" మాధవయ్య తన అరచేతులు చూసుకున్నాడు. "తెరిపిచ్చే పద్ధతి మా నాయన నేర్పినాడు. మూసే పద్ధతి నేర్పలే. అట్లాంటిది ఒకటి ఉంటాదని ఆయనకు గూడ తెలీదు."

ఆమె అక్కడే ఒక సగం చెక్కిన నంది మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఏడుపు రాలేదు, వస్తే బాగుండేది. మాధవయ్య చివరికి, "నేనొచ్చి చెప్తా. అందరి ముందరా చెప్తా. అది దేవత కాదు, నా పొరపాటు అని చెప్తా. నాకి పనులు పోతే పోనీ" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో సుకన్య కిటికీ పక్కన కూర్చుని ఆలోచించింది. శిల్పి చెబితే జనం నమ్ముతారు. నమ్మితే గ్రిల్ తీస్తారు. ఆ తర్వాత ఎర్ర గీత వస్తుంది, బిందెమ్మ పోతుంది. తను కాపాడాలనుకున్నదాన్ని తన నోటితోనే పడగొట్టిస్తోంది. పోతే పోనీ అనుకుంది. ఉన్న నాలుగు రోజులూ నీళ్లిచ్చి పోనీ. ఆ మాట మనసులో అనుకున్నాక ఆమెకు చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

మాధవయ్య శుక్రవారం వచ్చాడు. ఆ రోజు జనం ఎక్కువ. పూజారి గంట ఆపగానే ఆయన గ్రిల్ ముందు మెట్టెక్కి నిలబడ్డాడు. ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు.

"ఇనండప్పా. ఈ బొమ్మకు కండ్లు తెరిపిచ్చింది నేను. ఇది దేవత కాదు. నీళ్లు పోసేదానికి చేసిన బొమ్మ. దేవత కాదు కాబట్టే మా పెద్దోళ్లు తొంభై ఏండ్ల నాడు కండ్లు తెరిపిచ్చకుండా వదిలినారు. నేను పొరపాటు జేసినా."

ముందు వరుసలో ఒక ముసలామె నోరు తెరుచుకుని శిల్పి వైపూ, బిందెమ్మ వైపూ మార్చి మార్చి చూసింది. తర్వాత రెండు చేతులూ తలపైకెత్తి జోడించింది.

"అంటే తొంభై ఏండ్లు కండ్లు మూసుకోని తపస్సు జేసిందా నా తల్లి!"

అంతే. మేళం మోగింది. ఆడవాళ్లు మంగళహారతి ఎత్తుకున్నారు. ఎవరో మాధవయ్య మెడలో దండ వేశారు, ఇంకెవరో శాలువా కప్పారు. ఆయన "అది కాదు, అది కాదు" అంటూనే ఉన్నాడు. కాళ్లకు మొక్కడానికి వంగినవాళ్ల మధ్య కదలడానికి దారి లేక అలాగే నిలబడిపోయాడు. సుకన్య జనాన్ని తోసుకుని మెట్టు దగ్గరికి పోయింది. గొంతు చించుకుని అరిచింది.

"తప్పు నాది! అద్దం పట్టుకునింది నేను! నాకి తెలీక తెరిపిచ్చమన్నా!"

ఆ మాట విన్నవాళ్లు పక్కవాళ్లకు చెప్పారు. "తెలీకుండా జేపిచ్చుకునింది తల్లి, ఈ పాప చేతుల మీద" అని చెప్పారు. ఒకామె వచ్చి సుకన్య చేతులు పట్టుకుని కళ్లకు అద్దుకుంది. ఆమె వెనక ఇంకొకామె. పసిబిడ్డ తల మీద చెయ్యి పెట్టమని ఒకామె బతిమాలింది. సుకన్య చెయ్యి వెనక్కి లాక్కుంటే, చుట్టూ ఉన్నవాళ్లు ఆ చెయ్యి పట్టుకుని బిడ్డ తల మీద పెట్టించారు. మాధవయ్య ఆమె వైపు చూసిన చూపులో ఏం చెయ్యాలో తెలియని మనిషి జాలి ఉంది. శాలువాతోనే బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఉమామహేశ్వరమ్మ గ్రిల్ తాళంచెవి తెచ్చి కోడలి కొంగుకు ముడేసింది. "నాకి మోకాళ్లు పని జేయడంల్యా. నీ చేతుల మీద కండ్లు తెరిచిన తల్లి, నువ్వే చూసుకో. ఊరంతా అదే అంటాంది" అంది. ఆమె మొహంలో ఈర్ష్య లేదు, సంతోషమే ఉంది. కాదంటే ఆ ముసలి మనసు విరుగుతుందని సుకన్యకు తెలుసు. తాళం తన దగ్గరుంటే ఎప్పుడో ఒకప్పుడు తలుపు తీసి ఉంచవచ్చన్న ఆశ కూడా ఉంది. తీసి చూసింది కూడా. తలుపు తీస్తే జనం లోపలికి తోసుకొచ్చారు, తీర్థం కోసం తొట్టిలో సీసాలు ముంచారు, ఒకామె జారి పడింది. పూజారి కేకలేశాడు. తలుపు మూసి, స్టూలు మీద కూర్చుని, చెంబుతో పోయడం తప్ప ఆమెకు దారి కనిపించలేదు.

ఆ వేసవి ఎండ మామూలు ఎండ కాదు. ఒక మధ్యాహ్నం గ్రిల్ బయట జనం గుంపుగా నిలబడి ఉన్నారు. లోపల సుకన్య ఒక్కతే. గుంపుకు జడిసి గంపను రోడ్డు అవతలికి మార్చుకున్న మేరీ తన క్యాను తలకిందులుగా దులిపి చూసుకుంటోంది. కాసేపు అటూ ఇటూ చూసింది. కొంగు నెత్తి మీద వేసుకుని నెమ్మదిగా నడిచి గ్రిల్ దగ్గరికి వచ్చింది.

"గొంతు ఎండుకపోయింది శెట్టెమ్మా," అంది.

సుకన్య గబుక్కున లేచింది. "లోపలికి రా అవ్వా. తలుపు తీస్తా."

"గుళ్లోకి నేనెట్ల వస్తా? మీ పూజారి ఊరుకోడు, మా పాస్టరూ ఊరుకోడు," అంది మేరీ. "ఇట్లనే ఇయ్యి."

సుకన్య చెంబు ముంచి కమ్మీల మధ్య నుంచి ఇవ్వబోయింది. చెంబు పట్టలేదు. అడ్డంగా పెట్టి చూసింది, నిలువుగా పెట్టి చూసింది. చెంబు కమ్మీలకు కొట్టుకుని నీళ్లు ఒలికాయి. తలుపు తీద్దామని తాళంచెవి తీస్తే, బయట గుంపు "తలుపు తీస్తాండారు" అంటూ ముందుకు తోసుకొచ్చింది. మేరీ నలిగిపోతుందేమోనన్న భయంతో ఆమె తాళంచెవి వదిలేసింది. మళ్లీ చెంబు ముంచింది. కమ్మీల సందులో దాని మూతి పెట్టి, ఒంచడానికి చెయ్యి పైకెత్తింది.

మేరీ ఆ చెయ్యి వైపు చూసింది. దోసిలి పట్టలేదు.

ధార ఆమె కాళ్ల ముందు సిమెంటు మీద పడింది. వేడి సిమెంటు మీద పడ్డ నీళ్లు పడ్డట్టే ఆరిపోతున్నాయి.

"మా జేజి తాగింది ఇట్ల. నేను తాగను," అంది మేరీ. అందులో కోపం లేదు. వెనక్కి తిరిగి, టీ అంగడి వైపు నడిచిపోయింది.

"అవ్వా!" అని సుకన్య పిలిచింది. చెంబు ఇంకా ఎత్తిన చేతిలోనే ఉంది, ఇంకా నీళ్లు పడుతూనే ఉన్నాయి. మేరీ వదిలిన చోట ఒకతను వంగి దోసిలి పట్టాడు. అతని పక్కన ఇంకొకామె చేతులు చాచింది. తర్వాత ఎవరి చేతులు ఎవరివో తెలియకుండా దోసిళ్లన్నీ ఆ ధార కిందికి వచ్చాయి. "అమ్మా, ఇటు పొయ్యండి, ఇటు" అంటున్నారు. సుకన్య చెంబు ముంచి మళ్లీ పోసింది.